షుగర్ ఉన్నవాళ్లు అన్నం పూర్తిగా మానేసి కొర్రలకు మారాలా?

ఉయ్యూరు అబ్బాయి: మా నాన్నకు 61 ఏళ్లు, చాలా కాలంగా షుగర్. మొన్న మూడు నెలల సగటు పరీక్షలో 8.4 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. చెల్లి ఏదో వీడియో చూసి అన్నం ఆపేసి మూడు పూటలా కొర్రలే పెట్టమంటోంది. ఆయనేమో కంచం పక్కకు నెట్టేసి, పెరుగన్నం పెడితే తింటాను లేకపోతే లేదు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జొన్నచేను: మీ చెల్లెలు చెప్పిందే సరైన మాట. ఒక పూట మాని రెండు పూటలు తింటే లాభం లేదు. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో పీచు పెద్దగా మిగలదు, తిన్న కాసేపటికే షుగర్ పెరుగుతుంది. కొర్రలు నెమ్మదిగా అరుగుతాయి. కాకపోతే ఎనిమిది గంటలు నానబెట్టాలి. అది చేయకపోతే కడుపుబ్బరం వచ్చి మీ నాన్నగారు ఇంకా గొడవ చేస్తారు.

బీపీటీ ప్రియుడు: లెక్క చూడండి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటుంది, కొర్రల్లో 60 పైన. తేడా ఉంది, కాదనను. కానీ కొర్రలు మంచివే కదా అని ఇంకో రెండు గరిటెలు వేసుకుంటే ఆ తేడా కాస్తా పోయినట్టే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి రోజు మొత్తం కేలరీల్లో 45 శాతం దాటొద్దని ఉంది. అంటే అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచాలి. ఇంతకీ ఎనిమిది గంటలు ఎందుకండీ? మా ఇంట్లో రెండు గంటలకే శుభ్రంగా ఉడుకుతున్నాయి.

సుబ్బులు వంటిల్లు: పెరుగన్నం అడిగే మనిషికి పొడిపొడిగా కొర్రలు పెడితే నెట్టేయక ఏం చేస్తారు? నీళ్లు ఎక్కువ పోసి జారుగా దించి, చల్లారాక మజ్జిగ కలిపి, ఆవాలు కరివేపాకు తాలింపు పెట్టి చూడండి.

జొన్నచేను: రెండు గంటలు నానబెట్టి తిని, చిరుధాన్యాలు మాకు పడలేదు అని చెప్పేది మీలాంటివాళ్లే. మీరు కొన్నవి పాలిష్ కొర్రలై ఉంటాయి, అసలు ఆ సంగతి చూసుకున్నారా? మా తాత జొన్న సంకటి తిని 80 ఏళ్లకు కూడా పొలం వెళ్లేవాడు.

పాలమూరు పిల్లగాడు: మా తాత కూడా జొన్న గట్కనే తిన్నడు అన్నా. ఇష్టమై కాదు, బియ్యం కొనలేక. వరి బువ్వ పండుగకే. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినంక మా ఇంట్ల రోజూ అన్నం వండుడు మొదలైంది. ఇప్పుడు దాన్నే విషం అంటే మా నాయనమ్మ ఊకోదు. అయినా పొద్దంతా నాగలి పట్టి నడిచినోళ్లకు షుగర్ ఎందుకొస్తది?

బీపీటీ ప్రియుడు: అదీ మాట. భోజనం అయ్యాక ఒక పావుగంట నడిస్తే కండరాలు రక్తంలో చక్కెరను వాడుకుంటాయి. ఆ ఊసే ఎత్తరు. జొన్నచేను గారూ, ఎనిమిది గంటల సంగతి ఇంకా చెప్పలేదు.

జొన్నచేను: మీకు ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేం కనబడదా? అన్నం మీద ఈగ వాలనివ్వరేం? బియ్యం మిల్లేమైనా ఉందా?

బీపీటీ ప్రియుడు: మిల్లు లేదు, అమ్మ ఉంది. మీలాగే ఒక పెద్దమనిషి వచ్చి, పొద్దున్నే అంబలి తాగితే మాత్రలు అక్కర్లేదన్నాడు. ఆవిడ ఆపేసింది, మాకు చెప్పలేదు. షుగర్ 400 దాటాక, మాట తడబడుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఐసీయూ బయట కూర్చుని ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ‘పూర్తిగా మార్చేయండి’ అని ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

జొన్నచేను: మాత్రలు ఆపమని నేనెక్కడన్నాను? మా నాన్న ఒక్క పూట మాత్ర మానలేదు. మూడు పూటలా గుమ్మటంలా అన్నం పెట్టుకుని తిన్నారు. వెళ్లినప్పుడల్లా డోసు పెంచారు తప్ప, ఏం తింటున్నావయ్యా అని ఏ డాక్టరూ అడగలేదు. చివరికి కాలి వేళ్లు తీసేశారు. మాత్ర ఉంది కదా అని నోరు కట్టుకోకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

బీపీటీ ప్రియుడు: అది ఆ డాక్టర్ల తప్పు. అన్నం ఏం చేసింది?

జొన్నచేను: మరి మీ అమ్మగారి విషయంలో కొర్రలు ఏం చేశాయి?

మందుల కొట్టు: ఇద్దరూ ఆగండి. ఆయన గ్లిమిపిరైడ్ వాడుతున్నారని మొదటి పోస్టులోనే ఉంది, ఎవరూ చూడలేదు. ఆ మాత్ర వేసుకుని తిండి ఒక్కసారిగా తగ్గించినా, అలిగి కంచం నెట్టేసినా షుగర్ మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. తిండి మార్చేముందు డోసు గురించి డాక్టర్ని అడగాలి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందా?

ఉయ్యూరు అబ్బాయి: ఉంది. నిన్న సాయంత్రం కాళ్లూ చేతులూ వణుకుతున్నాయన్నారు. మధ్యాహ్నం కొర్రలు వదిలేసి లేచిపోయిన రోజే అది! అలక అనుకున్నాం, చూడలేదు. రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. అప్పటిదాకా కొర్రలు ఆపమని చెల్లికి చెప్పాను, అలిగి ఫోన్ పెట్టేసింది. అమ్మ అయితే రెండు గిన్నెలు వండడం తన వల్ల కాదని ముందే చెప్పేసింది. నడకకు నాన్న ససేమిరా అంటున్నారు, మోకాళ్ల నొప్పులట.

బీపీటీ ప్రియుడు: నడవలేకపోతే కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు ముందుకు చాపి, కాసేపు నిలిపి దించమనండి. టీవీ చూస్తూ చేయొచ్చు. మా అమ్మ చేత ఇప్పుడు అదే చేయిస్తున్నాను.

జొన్నచేను: రోజూ పాదాలు కూడా చూడండి తమ్ముడూ, వేళ్ల సందుల్లో. ఆయన చూసుకోరు, మీరే చూడాలి.