గోంగ్‌బీ శైలిలో షు లే గీసిన గుర్రాలు, తెరలు: ఇది సంప్రదాయానికి కొనసాగింపేనా?

ప్రశ్న (చిత్రకళా విద్యార్థిని, హైదరాబాదు)

సభ్యులకు నమస్కారం. పట్టు మీద సన్నని సిరా గీతతో రూపం గీసి, లోపల పొర మీద పొరగా రంగు నింపే చైనా గోంగ్‌బీ పద్ధతిని కొంతకాలంగా అధ్యయనం చేస్తున్నాను. చైనాను ఏలిన సోంగ్ వంశపు ఆస్థానంలో పూలు, పక్షులు, పురుగులు ఈ పద్ధతిలో ఎంత సజీవంగా రూపుదిద్దుకున్నాయో చెప్పనక్కరలేదు. ఇటీవల నేటి చైనా చిత్రకారుడు షు లే చిత్రాల అచ్చుప్రతులు చూశాను. ఆయన 1963లో జియాంగ్సు ప్రావిన్సులోని నాన్‌తోంగ్‌లో పుట్టి, 1984లో నాన్‌జింగ్‌లో చైనా సంప్రదాయ చిత్రకళలో చదువు పూర్తిచేసి, 1985 ప్రాంతంలో యువ కళాకారులు లేవదీసిన నవ్యధోరణిలో ప్రయోగాలు చేసి, ఆ తరువాత గోంగ్‌బీకి మళ్ళారు. ఆయన చిత్రాలలో మనిషి దాదాపుగా కనిపించడు. తెరల మధ్య ఒక గుర్రం నిలబడి ఉంటుంది, లేదా ఖాళీ కుర్చీ ఉంటుంది. ఒక్కొక్కచోట గుర్రం ఒంటి నిండా నీలి-తెలుపు పింగాణీ పాత్రల మీద ఉండే పూలతీగలు అల్లుకొని ఉంటాయి. పనితనం పూర్తిగా పాతదే, కానీ చూపు పాతది కాదు. ప్రకృతిని ప్రేమతో పరిశీలించడమే ప్రాణమైన ఒక కళను ఇలా గదిలోకి తెచ్చి తెరల వెనుక నిలబెట్టడం దాన్ని ముందుకు తీసుకువెళ్ళడమా, లేక పనితనాన్ని మాత్రమే వాడుకోవడమా? పెద్దల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

సమాధానం 1 (సూక్ష్మచిత్రాలు గీసే సభ్యుడు)

అమ్మా, మీరు పనితనం పాతదేనన్నారు కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉందని నా నమ్మకం. పట్టుకు జిగురు, పటిక కలిపిన నీళ్ళు పట్టించి ఆరబెడతారు. అలా చేయకపోతే రంగు పట్టుపోగుల వెంట పాకిపోతుంది. విడిగా తయారుచేసుకున్న ముసాయిదాను పట్టు కింద పెట్టి, పైకి కనిపించే గీతను సన్నని కుంచెతో సిరాలో దించుకుంటారు. ఆ తరువాత చిత్రకారుడు ఒకే చేతిలో రెండు కుంచెలు పట్టుకుంటాడు. ఒకదానితో గీత పక్కన చుక్కంత రంగు పెట్టి, అది ఆరేలోపే వేళ్ళ మధ్య కుంచెలను మార్చి, నీళ్ళతో తడిపిన రెండోదానితో ఆ రంగు అంచును మెల్లగా లాగుతాడు. రేకు మొదట్లో చిక్కగా ఉన్న ఎరుపు కొసకు వచ్చేసరికి ఎక్కడ ఆగిందో కంటికి అందకుండా కరిగిపోతుంది. ఆరిన తరువాత మళ్ళీ అదే పని. తెలుపు బలంగా కావలసినచోట పట్టు వెనుకవైపు నుంచి కూడా రంగు వేస్తారు.

ఇంత నిదానమైన పని దేన్ని తాకినా దానికి ఒక గౌరవం వస్తుంది. షు లే ఆ నిదానాన్ని పూరేకుకు బదులు తెర మడతకు ఇచ్చారు. మడత లోపలి నీలపు నీడను కూడా ఆయన రేకులాగే తేల్చారు. కాబట్టి పనితనాన్ని మాత్రమే వాడుకున్నారనడానికి నాకు మనసొప్పదు.

సమాధానం 2 (చరిత్ర అధ్యాపకురాలు)

పై సభ్యుని వివరణ చాలా బాగుంది, అయితే ముగింపుతో నేను ఏకీభవించలేను. బీజింగ్ రాజప్రాసాద సంగ్రహాలయంలో పాతకాలపు చిత్రకారుడు హ్వాంగ్ చ్వాన్ గీసిన చిన్న పట్టు చిత్రం ఒకటి ఉంది. 10వ శతాబ్దానిది, పక్షులు, పురుగులు, తాబేళ్ళు కలిసి 24 ప్రాణులు అందులో విడివిడిగా కనిపిస్తాయి. కొడుకు చూసి నేర్చుకోవడానికి ఇస్తున్నట్టు మూలన రాసి ఉంది. కీచురాయి రెక్కలోని పారదర్శకతను, మిడత కాలి కీలును ఆ తండ్రి ఎంత శ్రద్ధగా చూశాడో గమనించండి. తరువాత సోంగ్ వంశపు హుయ్‌జోంగ్ చక్రవర్తి ఆస్థానంలో నెమలిని గీసిన చిత్రకారులను రాజు తప్పుపట్టాడని, నెమలి ఎత్తైన చోటికి ఎక్కేటప్పుడు ముందుగా ఎడమ కాలు ఎత్తుతుందని చెప్పాడని 12వ శతాబ్దంలోనే రాసిపెట్టారు. ఆ మాట జీవశాస్త్రం ప్రకారం ఎంత నిజమన్నది పక్కన పెడదాం. ఒక పక్షి ఏ కాలు ముందు ఎత్తుతుందో తెలియకుండా దాన్ని గీయకూడదన్న పట్టుదల ఆ కళకు వెన్నెముక. షు లే గుర్రంలో నాకు ఆ పట్టుదల కనిపించదు. అది ఏ పచ్చికలోనూ మేసిన గుర్రం కాదు, ఇతర చిత్రాలను చూసి గీసిన గుర్రం. చిత్రం అందంగా ఉందని ఒప్పుకుంటాను, కానీ ఏదో ముఖ్యమైనది పోయిందని బాధగా ఉంటుంది.

సమాధానం 3 (మ్యూజియంలో పనిచేసిన సభ్యుడు)

అధ్యాపకురాలు గారి బాధ న్యాయమైనదే. అయినా హుయ్‌జోంగ్ పేరు ఎత్తారు కాబట్టి ఆయనదే మరో చిత్రాన్ని గుర్తుచేయాలి. 1112లో రాజధాని కైఫెంగ్ కోటద్వారం మీద కొంగల గుంపు తిరిగిందన్న సందర్భంగా తయారైన ఆ పట్టు చిత్రం ఇప్పుడు షెన్‌యాంగ్‌లోని లియావోనింగ్ సంగ్రహాలయంలో ఉంది. నీలాకాశంలో తెల్లని కొంగలు, కింద మబ్బులలో తేలే కోట కప్పు, కప్పు కొసల మీద వాలిన రెండు కొంగలు. అక్కడ కొంగ కేవలం కొంగ కాదు; తన పాలనను దేవతలు మెచ్చుకున్నారని చక్రవర్తి చేస్తున్న ప్రకటన. పదిహేనేళ్ళు తిరగకుండానే, 1127లో, ఉత్తరాది జాతి అయిన జుర్చెన్‌ల సేనలు ఆ నగరాన్ని పట్టుకొని ఆయనను బందీగా ఉత్తరానికి తీసుకుపోయాయి. కాబట్టి గోంగ్‌బీలో ప్రకృతి ఎప్పుడూ పరిశీలన కోసమే ఉండలేదు, రంగస్థలం మీద పాత్ర కూడా ధరించింది. షు లే ఆ రంగస్థలాన్నే బయటపెట్టి, చక్రవర్తి ప్రకటనను తీసేసి, ప్రాణిని ఒంటరిగా వదిలారు.

తెరల విషయంలోనూ ఆయన పూర్తిగా పడమటి అధివాస్తవికుల (కలల్లోలా పొంతన లేని వస్తువులను కలిపి చూపే సర్రియలిస్టుల) మీద ఆధారపడ్డారని అనుకోనక్కరలేదు. 1640లో చైనా ప్రచురణకర్త మిన్ చిజీ ఒక ప్రసిద్ధ నాటకానికి రంగుల చెక్క అచ్చు చిత్రాలు వేయించాడు. అవి ఇప్పుడు జర్మనీలోని కొలోన్‌లో ఉన్నాయి. వాటిలో ఒక ఘట్టం లాంతరు మీద, మరొకటి మడత తెరల నడుమ, ఇంకొకటి తోలుబొమ్మలాటలా కనిపిస్తుంది. బొమ్మలో బొమ్మ పెట్టి, చూసేవాడికి తాను చూస్తున్నానన్న ఎరుక కలిగించడం చైనా చిత్రకళకు సొంత విద్యే.

అధ్యాపకురాలు గారు కోరుకునే ప్రకృతి కావాలంటే నేటి చిత్రకారుడు హావ్ లియాంగ్‌ను చూడమంటాను. 1983లో చెంగ్డూలో పుట్టిన ఆయన, హునాన్‌లోని షియావో, షియాంగ్ నదుల తీరాన్ని గురించి 11వ శతాబ్దం నుంచి చిత్రకారులు గీస్తూ వస్తున్న ఎనిమిది దృశ్యాల పరంపరను పెద్ద పట్టు చిత్రాలుగా మళ్ళీ చేపట్టారు. ఆయన చిత్రాలు 2017లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ప్రదర్శితమయ్యాయి. ఉద్యోగం పోగొట్టుకొని దూరప్రాంతానికి పంపబడ్డ అధికారుల దుఃఖం ఆ తీరానికి అంటుకొని ఉంది కనుక, అక్కడ పొగమంచు గీయడమంటే వాతావరణం ఒక్కటే గీయడం కాదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. నెమలి కాలి సంగతి, కొంగల సంగతి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నా ప్రశ్నలోనే ఒక తొందరపాటు ఉందనిపిస్తోంది. గుర్రం మీది నీలి తీగల గురించి మాత్రం ఇంకా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం 4 (సూక్ష్మచిత్రాలు గీసే సభ్యుడు)

మీరు హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా గదికి వెళ్ళి నీలి-తెలుపు పింగాణీని దగ్గరగా చూడండి. యువాన్ వంశకాలంలో, 14వ శతాబ్దంలో, చైనాలో పింగాణీకి పేరుపొందిన జింగ్‌డెజెన్ పట్టణపు కొలుములలో ఆ నీలం కోసం వాడిన కోబాల్టు అనే ఖనిజం పర్షియా వైపు నుంచి వచ్చింది. పెద్ద పళ్ళేలలో చాలా భాగం పడమటి ఆసియా కొనుగోలుదారులకే వెళ్ళాయి. అంటే షు లే గుర్రానికి తొడిగిన ఆ చర్మం పుట్టుకతోనే రెండు దేశాలది. మిగతా నీలాలతో పోల్చి, పళ్ళెం అంచున తీగ ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ నల్లగా మచ్చ కట్టిందో చూసుకొని, ఆ తరువాత ఆయన గుర్రం మెడ దగ్గర నీలాన్ని గమనించండి.