మెటాలికా దారి మళ్లింది 1991లోనా, 1996లోనా?

త్రాష్ పిచ్చోడు:
వేగంగా వాయించే త్రాష్ మెటల్ బ్యాండ్ మెటాలికా 1996 నాటి ‘లోడ్’ ఆల్బమ్‌తో పాడైందని అందరూ అంటారు. నన్నడిగితే 1991లో వచ్చిన నల్ల అట్ట ఆల్బమ్‌తోనే పాడైంది. 1988 నాటి ‘జస్టిస్’ ఆల్బమ్‌లో పాటలు ఏడెనిమిది నిమిషాలు సాగేవి. మధ్యలో నడక మారేది, రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ బిట్) మీద రిఫ్ వచ్చిపడేది. నల్ల ఆల్బమ్‌లోని ‘ఎంటర్ శాండ్‌మన్’ మొత్తం ఒక్క రిఫ్ చుట్టూ తిరుగుతుంది. మోట్లీ క్రూ అనే రాక్ బ్యాండ్‌కి పనిచేసిన బాబ్ రాక్‌ని ప్రొడ్యూసర్‌గా తెచ్చుకున్నప్పుడే అర్థమైంది, వాళ్ల చూపు రేడియో మీద ఉందని.

బేస్ బాబాయ్:
తమ్ముడూ, ఆ ‘జస్టిస్’లో నీకు బేస్ వినిపించిందా? 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ పోయాక వచ్చిన జేసన్ న్యూస్టెడ్ అందులో వాయించాడన్న మాటే గానీ, మిక్సింగ్‌లో అతన్ని తొక్కేశారు. అతని బేస్ నిండుగా వినిపించింది 1991లోనే. పైగా ‘జస్టిస్’ టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు. అది వాయిస్తుంటే ముందు వరసలో జనం ఆవులిస్తున్నారని గిటారిస్ట్ కర్క్ హామెటే తర్వాత చెప్పాడు. వాయించేవాళ్లకే విసుగొస్తే మారక ఏం చేస్తారు?

రాక్ రాణి:
2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీకి వెళ్లొచ్చిన త్రాష్ వీరులారా, నిజం చెప్పండి. ఆ 1991 ఆల్బమ్‌లోని మెల్లని పాట ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’కి మీరు గొంతు కలపలేదూ?

త్రాష్ పిచ్చోడు:
కలిపానండీ. అయితే? జనం కలిసి పాడినంత మాత్రాన, ఆ ఆల్బమ్ అమెరికాలోనే 1.6 కోట్లకు పైగా కాపీలు పోయినంత మాత్రాన నా మాట తప్పయిపోదు.

పాత క్యాసెట్:
అసలు ఈ గొడవ 1984లోనే మొదలైంది. వాళ్ల పాట ‘ఫేడ్ టు బ్లాక్’ మెల్లగా మొదలవుతుందని, అకూస్టిక్ గిటార్ ఉందని అప్పుడే తిట్టినవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్ల వారసులే దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు.

నా దృష్టిలో 1991లో తగ్గింది పాటల నిడివి, వేగం. ‘శాడ్ బట్ ట్రూ’ వినండి, ఆ బరువు ఎక్కడికీ పోలేదు. అనవసరమైనది తీసేశారంతే. 1996లో ‘లోడ్’తో జరిగింది వేరు. బ్లూస్, సదరన్ రాక్ వైపు వెళ్లారు. ‘మామా సెడ్’ అయితే ఏకంగా కంట్రీ పాట! వెళ్లడం తప్పనను, కానీ 79 నిమిషాలా? జుట్టు కత్తిరించుకున్నారు గానీ ఆల్బమ్‌కి కత్తెర వేయలేదు. (ఆ ఫొటోల వేషం తనకూ నచ్చలేదని గాయకుడు హెట్‌ఫీల్డ్ తర్వాత అన్నాడు లెండి.)

బేస్ బాబాయ్:
కత్తెర వేస్తే ‘బ్లీడింగ్ మీ’ ఎనిమిది నిమిషాలూ పోతాయేమో గురూ, చూసుకోండి.

త్రాష్ పిచ్చోడు:
దాన్ని ముట్టుకోవద్దు. మిగతావి మీ ఇష్టం.