కోడ్ 43, కోడ్ 10 ఒకేసారి: డ్రైవర్ తప్పా, బోర్డు తప్పా?

విండోస్ 11 కొత్తగా ఎక్కించిన డెస్క్‌టాప్. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు పక్కన పసుపు త్రికోణం, కోడ్ 43 (పరికరం లోపం చెప్పిందని విండోస్ దాన్ని ఆపేసింది). రిజల్యూషన్ 1024×768 దాటట్లేదు. లాన్‌కి (కేబుల్ నెట్ పోర్టు) కోడ్ 10 (పరికరం మొదలవలేదు), కేబుల్ పెట్టినా పోర్టు లైటు వెలగదు. ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ తెచ్చి, సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్‌ని పూర్తిగా తుడిచే టూల్)తో పాత గ్రాఫిక్స్ డ్రైవర్ తుడిచి కొత్తది వేస్తే రెండు రీస్టార్ట్‌లు బాగుంది. మూడోసారి మళ్లీ 43.

ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పెడితే లాన్ ఒక్కసారి లేచింది. అందుకే నా అనుమానం మదర్‌బోర్డు మీదే. కార్డు, లాన్ రెండూ నడిచేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ, బోర్డుకి పరికరాలను కలిపే దారి) మీదే కదా! కార్డు తీసి మళ్లీ బిగించాను, దానికి కరెంటిచ్చే 8 పిన్ కేబుల్ కూడా.

ముందు చిప్‌సెట్ (బోర్డు చిప్‌ల) డ్రైవర్ వేయాలా, బయోస్‌లో పీసీఐఈ స్పీడ్ ఆటో నుంచి జెన్ 3కి దించి చూడాలా? లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే తప్పు డ్రైవర్‌దో బోర్డుదో తేలిపోతుందా?