పని జరిగే చోటికి వెళ్లి చూడాలంటున్నారు. సాఫ్ట్‌వేర్ టీములో ఏం చూడాలి?

కృష్ణలంక_కోడర్:
ఈమధ్యే ఇంజనీరింగ్ మేనేజర్‌ని అయ్యాను. టీములో సగం మంది హైదరాబాద్ ఆఫీసులో, మిగతావాళ్లు ఇళ్ల నుంచి. మా పైవాళ్లు లీన్ (టొయోటా నుంచి వచ్చిన, వృథా తగ్గించే పని పద్ధతి) శిక్షణకు వెళ్లొచ్చి "గెంబా వాక్ చెయ్యండి, పని జరిగే చోటికి వెళ్లి కళ్లతో చూడండి" అని పట్టుకున్నారు. ఫ్యాక్టరీలో అయితే షెడ్డులోకి అడుగుపెడితే లైను కనిపిస్తుంది. మా ఫ్లోర్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న వీపులు తప్ప ఏం కనిపించట్లేదు. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగు) అడిగితే అందరిదీ ఒకటే మాట, "బ్లాకర్స్ ఏం లేవు", అంటే అడ్డంకులేం లేవని. స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) చివర చూస్తే టిక్కెట్లు, అంటే రాసిపెట్టుకున్న పనులు, సగం అలాగే ఉంటాయి. నిజంగా చేసినవాళ్లు ఎలా చేశారో చెప్పండి. సిద్ధాంతం స్లైడ్లలో బోలెడు చూశాను.

పాత_మెషిన్‌షాప్:
నాది సాఫ్ట్‌వేర్ కాదు బాబూ, ఆటో విడిభాగాల ప్లాంటులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయిది మీ లైనే, ఈ లింకు తనే పంపింది. టొయోటాలో తాయిచి ఓనో నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అందులో మనిషిని నిలబెట్టి వెళ్లిపోయేవాడని చెబుతారు. ఎప్పుడో తిరిగొచ్చి "ఏం కనబడింది?" అని అడగడం. జవాబు నచ్చకపోతే మళ్లీ అక్కడే నిలబడాలి. అంటే అందులో నడక కన్నా నిలబడటమే ఎక్కువ. మీరు చెప్పే 'వాక్' చాలా చోట్ల కలెక్టర్ తనిఖీకి వస్తున్నాడంటే హాస్టల్లో కొత్త దుప్పట్లు బయటికి తీసినట్టు ఉంటుంది. డైరెక్టరు, వెనక పదిమంది, చేతిలో చెక్‌లిస్టు. ఆ రోజు ఏ మెషినూ ఆగదు మరి.

1999 నుంచి 2005 దాకా టొయోటా అధ్యక్షుడిగా ఉన్న ఫుజియో చో దీన్ని మూడు ముక్కల్లో చెప్పేవాడు: వెళ్లి చూడు, ఎందుకని అడుగు, గౌరవం చూపు. మూడోది జనం మర్చిపోతారు.

ఇంకొకటి. ప్లాంటులో రెండు మెషిన్ల మధ్య ట్రాలీల నిండా సరుకు పేరుకుంటే గుడ్డివాడికైనా తగులుతుంది. మీ దగ్గర ఆ ట్రాలీలు ఎక్కడున్నాయో ముందు వెతకండి.

ఓరుగల్లు_ఆప్స్:
సార్ చెప్పిన ట్రాలీలు మాకు దొరికినయ్. మెర్జ్ కాకుండ పడి ఉన్న పుల్ రిక్వెస్టులే అవి, అంటే రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసి అసలు కోడ్‌ల కలపాలె అని పెట్టినయ్. 2003లనే మేరీ, టామ్ పాపెన్‌డీక్ దంపతులు ఫ్యాక్టరీల ఏడు వృథాలను సాఫ్ట్‌వేర్‌కు కలిపి రాసిన్రు. అక్కడ నిల్వ సరుకు అంటే ఇక్కడ సగం అయిన పని. అక్కడ ఎక్కువ ఉత్పత్తి అంటే ఇక్కడ ఎవ్వరూ అడగని ఫీచర్లు. చదివినప్పుడు అబ్బో అనుకున్న, కానీ కంటితోని చూసేదాక తలకెక్కలే.

మేం మనుషులను చూసుడు పక్కకు పెట్టి, ఒక మార్పు ఎంబడి పడ్డం. ఎంత చిన్నదంటే, ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ నంబరు కింద ఒక లైను రావాలె, గంతే. టిక్కెట్ తెరిచినకాడి నుంచి ప్రొడక్షన్ల (వాడేటోళ్లు వాడే అసలు సిస్టమ్) పడేదాక ప్రతి టైమ్‌స్టాంప్ చీటీ మీద రాసి గోడకు అంటించినం. కోడ్ రాసుడు ఒక పూట గూడ లేదు. రివ్యూ కోసం ఆగుడు, రివ్యూ చేసేటాయన లీవుల ఉండుడు, సంబంధం లేని టెస్టు ఫెయిలైతే బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాం చేసుడు) మల్ల నడుపుడు, స్టేజింగ్ (రిలీజ్‌కు ముందు పరీక్షించే సిస్టమ్) ఇంకో టీము చేతుల ఉండుడు, శుక్రవారం రిలీజ్ వద్దని సోమవారం దాక ఆపుడు. రెండు వారాలు దాటింది. అసలు గమ్మత్తేందంటే, అన్ని దినాలు జిరా (టిక్కెట్ల లెక్క పెట్టే సాఫ్ట్‌వేర్) బోర్డు మీద ఆ టిక్కెట్ 'ఇన్ ప్రోగ్రెస్'లనే ఉన్నది!

ఇప్పుడు కొత్త టిక్కెట్ ముట్టుకునే ముందు, ఆగి ఉన్న పుల్ రిక్వెస్ట్ ఒకటి చూడాలె అని పెట్టుకున్నం. రివ్యూల ఆగుడు బాగ తగ్గింది. స్టేజింగ్ లొల్లి మాత్రం గట్లనే ఉన్నది.

నీలిమ_క్యూఏ:
బోర్డులో, టైమ్‌స్టాంపుల్లో కూడా పడనివి ఉంటాయి. వాటికి పక్కన కూర్చోవాల్సిందే. నేను ఒక బ్యాంకు క్లయింటు ఓడీసీలో (ఆ క్లయింటు పనికే కేటాయించిన ఆఫీసు భాగం) చేశాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదు, లాకర్లో పెట్టాలి. అదే క్లయింటు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి లాగిన్ అవ్వాలంటే ఓటీపీ ఫోన్‌కే వస్తుంది! కాబట్టి లేవడం, బ్యాడ్జ్ కొట్టి బయటికి రావడం, లాకర్ తీసి ఆరు అంకెలు అరచేతిలో పెన్నుతో రాసుకోవడం, మళ్లీ బ్యాడ్జ్ కొట్టి లోపలికి పరుగు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఓటీపీ గడువు అయిపోతుంది, మళ్లీ మొదటికి. సెషన్ కాసేపు ఖాళీగా ఉంటే దానంతటదే లాగౌట్. అందుకని టెస్టు లేకపోయినా అప్పుడప్పుడూ ఏదో ఒక పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చునేవాళ్లం.

ఇది ఏ రెట్రోలోనూ (స్ప్రింట్ అయ్యాక జరిగే సమీక్ష) ఎవరూ ఎత్తలేదు. అలవాటైపోయింది, ఆఫీసంటే ఇంతే అనుకున్నాం. క్లయింటు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఒక పూట నా పక్కన ఊరికే కూర్చుంది. "మీ చేతి మీద ఆ అంకెలేంటి?" అని అడిగింది. తర్వాతి నెలలో డెస్కులకు హార్డ్‌వేర్ టోకెన్లు వచ్చాయి.

పేరెందుకులే:
మంచి కథలే. మరి పక్కన కూర్చునేది నా రేటింగ్ వేసే మనిషైతే? నేను చేసిన ఒక చోట ఇలాగే 'పరిశీలన' పెట్టారు. అప్రైజల్లో "బిల్డ్ నడుస్తున్నప్పుడు వార్తలు చదువుతాడు" అని వచ్చింది. బిల్డ్ అంతసేపు ఎందుకు నడుస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మేనేజర్ వస్తే చాలు, అందరి స్క్రీన్ల మీదా టెర్మినల్ గబగబా కదిలేది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కొందరు మౌస్ కదిలించే పరికరాలు కొనుక్కున్నారు. కృష్ణలంక గారూ, మీ పైవాళ్లకు కావాల్సింది ఇదే అయితే పేరు మాత్రం జపాన్‌ది పెట్టకండి.

కృష్ణలంక_కోడర్:
మీ భయం నాకూ ఉంది. అప్రైజల్స్ నా చేతిలోనే ఉన్నాయి మరి, అదే ఇబ్బంది.

శాంతి_హెల్త్‌టెక్:
డెవలపర్లను చూడటం ఒకటే కాదు కదా, డెవలపర్లు వెళ్లి చూడాల్సినవీ ఉంటాయి. మాది ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్. ఒకే రోగికి ఐదారు రిజిస్ట్రేషన్ నంబర్లు పడుతుంటే, మావాళ్లు వాటిని కలిపే స్క్రిప్టులు రాసుకుంటూ పోయారు. చివరికి ఇద్దరిని జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రి ఓపీ కౌంటరు వెనక కూర్చోబెట్టాం. లక్ష్మి అని పేరు చెబితే క్లర్కు ఒకసారి ఎక్స్‌తో కొడతాడు, ఇంకోసారి కేఎస్‌హెచ్ కలిపి కొడతాడు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. వెతికితే దొరకదు, కిటికీ బయట క్యూ అరుస్తుంటుంది, "కొత్తది" బటన్ నొక్కేస్తాడు. మావాళ్లు తిరిగొచ్చి వెతికే పెట్టెలో ఫోన్ నంబరును ముందుకు తెచ్చారు, దాని కింద ఆ నంబరుతో ఉన్న కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు వచ్చేలా చేశారు. కొత్త డూప్లికేట్లు చాలావరకు ఆగాయి. క్లర్కును "ఎందుకిలా చేస్తున్నారు" అని నిలదీసి ఉంటే, "సారీ సార్" తప్ప ఏమీ వచ్చేది కాదు.

డాలస్_సూరి:
రిమోట్ వాళ్ల సంగతి నేను చెప్తాను. కొత్తగా చేరినవాళ్ల మొదటి వారమే మీకు అసలైన కిటికీ. పాతవాళ్లకు కనిపించని అడ్డంకులన్నీ వాళ్లకు తగులుతాయి. స్క్రీన్ షేర్ పెట్టించి, మీరు మ్యూట్‌లో ఉండండి. సాయం చెయ్యాలని నాలుక దురద పెడుతుంది, చెయ్యకండి. రీడ్‌మీలో (కోడ్‌తో పాటు ఉండే సూచనల ఫైలు) ఏ స్టెప్పు దగ్గర ఆగి చాట్‌లో ఎవరిని అడుగుతున్నారో చూడండి. మా దగ్గర ప్రతి కొత్త మనిషీ ఒకే ఆవిడకు మెసేజ్ పెట్టేవాడు, ఎందుకంటే లోకల్ డేటాబేస్ పాస్‌వర్డు ఆవిడకు తప్ప ఎక్కడా లేదు. పాపం ఆవిడేమో విశాఖలో, ఇక్కడ పగలైతే ఆవిడకు అర్ధరాత్రి.

ఇంకా మంచిది, మేనేజరే తన లాప్‌టాప్‌లో కోడ్ దింపుకుని ఒక చిన్న అక్షరదోషం సరిదిద్ది ప్రొడక్షన్ దాకా తీసుకెళ్లడం. టీము మిమ్మల్ని చూస్తుంది. నవ్వుతారు, నవ్వనివ్వండి.

కృష్ణలంక_కోడర్:
ఇది నచ్చింది అన్నా. ముందు నా సొంత లాప్‌టాప్‌తోనే మొదలుపెడతాను, ఆ తర్వాత ఓరుగల్లు గారి చీటీల పద్ధతి. పక్కన కూర్చోవడం మాత్రం ఎవరైనా పిలిస్తేనే. ఒక సందేహం: చీటీల మీద ఎవరి దగ్గర ఆగిందో పేరు రాశారా?

ఓరుగల్లు_ఆప్స్:
పేర్లు రాయలే. 'రివ్యూ', 'స్టేజింగ్', 'క్లయింట్ మంజూరు' అని ఆగిన జాగ పేరే రాసినం. ఒక లీడ్ మాత్రం పేరు గూడ పెడదాం అన్నడు. అన్నిటికంటే ఎక్కువ ఆగింది ఆయన దగ్గర్నే అని తెలిసినంక మల్ల ఆ ఊసే ఎత్తలే 😀