నరం దొరక్కపోతే స్కోలిన్ (ఒంట్లో కండరాలను సడలించే మందు) కండలో వేస్తారట, ఎంతసేపటికి ఎక్కుతుంది?

మైలాపూర్_అమ్మ:
మా బాబుకు నాలుగేళ్లు, 14 కిలోలు. వచ్చే బుధవారం ఇక్కడే చెన్నైలో అడినాయిడ్స్ ఆపరేషన్. మొన్న జ్వరానికి సెలైన్ పెట్టబోతే నాలుగుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. మత్తు డాక్టరుకు అదే చెప్పాను. "మాస్కుతో గ్యాస్ ఇచ్చి, నిద్రపోయాకే నరం చూస్తాం. మరీ అవసరమైతే స్కోలిన్ కండలో కూడా వేయొచ్చు" అని వెళ్లిపోయారు. కండలో వేస్తే ఎంతసేపటికి పనిచేస్తుంది? అంతదాకా ఊపిరి సంగతేంటి? ఒకటే టెన్షన్.

ఇంకోటి. మా మామయ్యకు 1994లో గుంటూరులో అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక సాయంత్రం దాకా ఊపిరి రాలేదట, బ్యాగు నొక్కుతూనే ఉన్నారట. "అందరి మాటలూ వినపడుతున్నాయి, వేలు కూడా కదల్లేదు" అని ఇప్పటికీ చెబుతారు. మత్తు ఎక్కువైందనుకున్నాం. ఇది డాక్టరుకు చెప్పాలంటారా?

బెంగళూరు_మత్తుడాక్టర్:
చెప్పాలి, అదే ముందు చెప్పాలి. కాసేపాగి దానికి వస్తా.

స్కోలిన్ కండలో రోజూ వేసేది కాదు. గ్యాస్ ఇస్తుండగా స్వరపేటిక బిగుసుకుపోయి, ఇంకా నరం దొరకనప్పుడు వేస్తాం. నరంలోకి కిలోకు 1-2 మిల్లీగ్రాములు చాలు, నిమిషంలో పట్టేస్తుంది. కండలోకి కిలోకు 4. మీవాడికి 56 మిల్లీగ్రాములు, అంటే సిరంజిలో 1 ఎంఎల్ దాటి కాస్త. పూర్తిగా పట్టడానికి రెండు మూడు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు. స్వరపేటిక అంతకంటే ముందే సడలుతుంది. ఈలోపు మాస్కు అదిమిపట్టి ఆక్సిజన్ ఇస్తూనే ఉంటాం. కండలో రక్తం బాగా పారితే మందు తొందరగా ఎక్కుతుంది. ఒళ్లు చల్లబడి బీపీ పడిపోయిన బిడ్డలో అక్కడే ఉండిపోతుంది. ఏడాదిలోపు పిల్లలకైతే కిలోకు 5 దాకా వేస్తాం. వాళ్ల ఒంట్లో నీరెక్కువ, మందు పలచబడుతుంది.

ఇక మామయ్యగారి సంగతి. స్కోలిన్‌ను రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. పుట్టుకతోనే అది లేనివాళ్లకు నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు. నరంలో వేసినా కండలో వేసినా అంతే. ఏమనుకోకండి, మీరు ఆర్యవైశ్యులా? ఈ లోపం వాళ్లలో ఎక్కువ, దానికి కారణమైన జన్యుమార్పు గురించి 2006లో పేపరు కూడా వచ్చింది. మీది మేనరికమా?

మైలాపూర్_అమ్మ:
రెండూ నిజమే. మామయ్య అంటే మా ఆయన వాళ్ల నాన్న, మా అమ్మకు తమ్ముడే.

బెంగళూరు_మత్తుడాక్టర్:
అయితే మామయ్యగారికి ఉన్నది ఇదే అయితే మీ ఆయనకు ఒక లోపపు జన్యువు వచ్చి తీరుతుంది. మీ అమ్మగారి వైపు నుంచి మీకూ వచ్చి ఉండొచ్చు. రెండూ బాబుకు చేరితే వాడిదీ తాతగారి కథే. సీరమ్ కోలినెస్టరేజ్ అని మామూలు రక్తపరీక్షే, బుధవారం లోపు చేయించండి. తక్కువొస్తే స్కోలిన్ పక్కన పెట్టి, కండరాలను సడలించే ఇంకో మందు రోక్యురోనియం వాడతారు, దానికి విరుగుడు సుగామడెక్స్ ఉంది.

తాంబరం_నాన్న:
మా పాపకు హెర్నియా అప్పుడు మేమూ ఇలాగే భయపడ్డాం. గ్యాస్‌కు నరాలు ఉబ్బుతాయట, నిద్రపోయాక ఒక్క పోటుకే దొరికింది.

మైలాపూర్_అమ్మ:
రిపోర్టు వచ్చింది. బాబుకు తక్కువే, కానీ మరీ అడుగంటలేదు. డాక్టరుగారు ఫైలు మీద ఎర్ర ఇంకుతో "స్కోలిన్ వద్దు" అని రాశారు. మామయ్య ముప్ఫై ఏళ్లుగా ఆ గుంటూరు డాక్టరును తిడుతున్నారు. ఫైలు చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాక్కూడా రక్తం తీయించమ్మా" అన్నారు.