న్యూ ఆర్లీన్స్‌లో మంచు, వాషింగ్టన్‌లో మంత్రులు: రెండు సందేహాలు

బురుజు సందు, కర్నూలు:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి కాపురం అమెరికాలో, లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్‌లో. ఆ ఉక్క కన్నా మన కర్నూలు ఎండే నయం అని పెళ్ళైన కొత్తలో ఏడ్చేది. అట్లాంటి ఊర్లో 2025 జనవరి 21న మంచు పడింది. ఊరికే చిలకరించి పోలేదు, విమానాశ్రయం దగ్గర 8 అంగుళాలు! అంతకుముందు అక్కడి రికార్డు 1963 డిసెంబర్ 31న పడిన 2.7 అంగుళాలేనట. ఐ-10 హైవే మూసేశారు. మనవడు మిసిసిపి కరకట్ట మీంచి అట్టపెట్టెలో జారుతుంటే, వాళ్ళమ్మమ్మ ఇక్కణ్ణుంచి ‘వాడికి మంకీ క్యాప్ పెట్టవే’ అని ఫోన్లో ఒకటే అరుపులు. సముద్రానికి దగ్గరగా ఉండే వేడి ఊర్లో ఇంత మంచు ఎట్లా పడింది?

రెండోది ట్రంప్ గారి నియామకాలు. 20వ తేదీ చలికి భయపడి ప్రమాణ స్వీకారం బయట కాకుండా క్యాపిటల్ భవనం లోపల పెట్టుకున్నారు. 1985లో రీగన్‌కూ ఇట్లాగే అయిందంటారు. అదే రోజు విదేశాంగ మంత్రిగా మార్కో రూబియోకు సెనేట్‌లో, అంటే అక్కడి ఎగువ సభలో, ఓట్లు 99-0. నాలుగు రోజుల తర్వాత రక్షణ శాఖకు పీట్ హెగ్సెత్ దగ్గరికొచ్చేసరికి ఓట్లు 50-50! నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మంత్రుల జాబితా అంటే ముఖ్యమంత్రి రాసి గవర్నర్‌కు పంపే కాగితం అనే నాకు తెలుసు. దాన్ని ఓటుకు పెట్టడమేంది? పైగా హెగ్సెత్ ఎన్నికల్లో గెలిచినాయన కాదు, టీవీలో కార్యక్రమం చేసుకునే మనిషి.

లెక్చరర్, అనంతపురం:
సార్, మొదటిదానికి నేను చెప్తా. న్యూ ఆర్లీన్స్ సుమారు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఢిల్లీ కన్నా కాస్త పైనే ఉంది. మనకు హిమాలయాలు అడ్డం కాబట్టి మధ్య ఆసియా చలి నేరుగా దిగదు. అమెరికాలో రాకీ పర్వతాలు నిలువుగా ఉన్నాయి, అడ్డంగా ఏ గోడా లేదు. కెనడా వైపు నుంచి ఆర్కిటిక్ గాలి మైదానాల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా వచ్చేస్తుంది. మామూలుగా అది పొడిగాలి కాబట్టి ఉత్త చలే. ఈసారి సరిగ్గా అదే సమయానికి గల్ఫ్‌లో అల్పపీడనం ఏర్పడి, తేమను ఆ చలిగాలి మీదికి ఎక్కించింది. రెండూ ఒకేసారి కలవడమే అరుదు. మన వడగండ్లది వేరే కథ. అవి ఎండకు లేచిన మేఘాల్లో పైకీ కిందికీ తిరిగి గట్టిపడిన గడ్డలు.

కడప వకీలు:
రెండోది నాది. అక్కడ అధ్యక్షుడు ఎంచుకున్న మంత్రిని సెనేట్ ఓటేసి ఒప్పుకోవాలి, అందుకే ఆ ఓట్లు. అక్కడ చట్టసభ సభ్యుడు మంత్రిగా ఉండకూడదు, రాజ్యాంగమే ఒప్పదు. అందుకే రూబియో సెనేట్ సీటు వదులుకున్నారు. ఇక్కడ తిరకాసు వేరు. సభ్యుడు కాకపోయినా మంత్రి కావచ్చు, కానీ ఆరు నెలల్లో గెలిచి రావాలి, మన రాజ్యాంగం 164(4) అధికరణ. సంఖ్యకూ కట్టడి ఉంది: 2003 సవరణ ప్రకారం సభలో 15 శాతం. మన 175 సీట్లకు ముఖ్యమంత్రితో కలిపి 26 దాటకూడదు.

పెద్దపార్కు కుర్రోడు:
50-50 కాడ ఆదుకున్నది ఎవురు పెద్దాయనా? ఉపాధ్యక్షుడు వాన్స్, అంటే ఉషమ్మ మొగుడు, ఆంధ్రా అల్లుడు! మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే ఫ్లెక్సీ డిజైన్ తిరుగుతోంది.

బురుజు సందు, కర్నూలు:
అల్లుడి సంగతి బాగుంది నాయనా, మనకేం సారె పంపుతాడో చూద్దాం.

హెగ్సెత్‌ను ఓటుకు ముందు సెనేట్ కమిటీ ప్రశ్నించిన వీడియో చూశాను. ఆసియాన్‌లో, అంటే ఆగ్నేయాసియా దేశాల కూటమిలో, ఎన్ని దేశాలు, ఏదో ఒకటి చెప్పు అని సెనేటర్ డక్‌వర్త్ అడిగితే దక్షిణ కొరియా, జపాన్, ఆస్ట్రేలియా అన్నాడు. ఒక్కటీ అందులోది కాదు! అయినా పదవి వచ్చింది. పార్టీ లెక్క పార్టీదే, ఆ ఊర్లో అయినా ఈ ఊర్లో అయినా. కానీ ఆ తడబాటు ప్రపంచమంతా చూసింది కదా, నాకు నచ్చింది అదే. మనకు 2024 జూన్ 12న ప్రమాణాలు, రెండ్రోజులకు శాఖలు. చేతికి ఏ శాఖ వస్తుందో తెలీకుండానే ప్రమాణం చేస్తారు. టీవీలో మాత్రం ఏ జిల్లాకు ఎన్ని, ఏ కులానికి ఎన్ని అని ఒకటే లెక్క. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస.

కేసీ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్ళు ఎన్నో తేదీకి వస్తాయి, 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయింది కదా, మిగతా గేట్ల గొలుసుల సంగతేంది అని నీటిపారుదల మంత్రి కాబోయేవాణ్ణి ప్రమాణానికి ముందే సభలో నిలబెట్టి అడిగితే ఎట్లుంటుంది? జవాబు తప్పు చెప్పినా ఫరవాలేదు, చెప్పాలి అంతే. వకీలు గారూ, సెనేట్ వద్దంటే ఏమవుతుంది?

కడప వకీలు:
ఇంకొకర్ని వెతుక్కోవాల్సిందే. కానీ ఓటులో ఓడటం చాలా తక్కువ. 1989లో సీనియర్ బుష్ ఎంచుకున్న జాన్ టవర్ 47-53తో ఓడారు, ఆయనదీ రక్షణ శాఖే. ఓడేట్టుంటే ముందే తప్పుకుంటారు. ట్రంప్ గారు మొదట న్యాయశాఖకు అనుకున్న మ్యాట్ గేట్జ్ 2024 నవంబరులోనే తప్పుకోలేదూ?