చర్చ: ఇంగ్లీషు తిట్లు ఎక్కడ పుట్టాయి, పలుకు ఎందుకు మారింది?

సబ్‌టైటిల్ కూలీ:
ఒక బ్రిటిష్ సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా. పిర్రల్ని వాళ్ళు 'ఆర్స్' అంటారు, అమెరికావాళ్ళు 'యాస్' అంటారు. రెండూ ఒకటేనా? 'యాస్' అంటే గాడిద కూడా కదా, దానికి ఏమైనా సంబంధం ఉందా? 'బ్లడీ'లో అంత బూతేముంది? రేపు పొద్దున్నకి ఫైల్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

డాలస్ బావ:
ముందు మనం పలకడం నేర్చుకోవాలి బ్రో. ఆఫీసులో ఒకణ్ణి సరదాగా 'రాస్కెల్' అన్నా. మూడుసార్లు చెప్పించుకుని "ఓ, ర్యాస్కల్!" అన్నాడు. తిట్టిన సుఖమే లేకుండా పోయింది.

రిటైర్డ్ మాస్టారు:
బావగారూ, తప్పు మీది కాదు. లండన్‌లో అది దీర్ఘమే. మనకి ఆ భాష వచ్చింది దొరల నుంచి, అమెరికా నుంచి కాదు. ముప్పై నాలుగేళ్ళు ఇదే పాఠం చెప్పాను.
ఇక కూలీ గారి మాట. పాత ఇంగ్లీషు నుంచీ ఉన్నది ఆర్స్ ఒక్కటే. 'స' ముందున్న 'ర' జారిపోయి, అచ్చు పొట్టిదై యాస్ అయింది. బర్స్ట్ బస్ట్ అయినట్టు, కర్స్ కస్ అయినట్టు. లండన్ వాళ్ళూ ఆ 'ర' పలకరు, కానీ 'ఆ' సాగదీస్తారు. గాడిద అర్థంలోని 'యాస్' లాటిన్ 'అసినస్' నుంచి వచ్చింది. దానికీ దీనికీ చుట్టరికం లేదు, పాపం మూగజీవి.

పాతపుస్తకాల శీను:
అసలైనది వదిలేశారు. 'డ్యామ్' మనదే! మొగలుల రాగి నాణెం 'దామ్'. అక్బరు కాలంలో 40 దాములు ఒక రూపాయి. 'ఐ డోంట్ గివ్ ఎ డ్యామ్' అంటే దమ్మిడీ ఖాతరు చెయ్యనని. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనే ఉంది.

రిటైర్డ్ మాస్టారు:
అది ఊహ మాత్రమే. లాటిన్ 'డామ్నారె', అంటే శిక్ష వెయ్యడం. 'డ్యామ్నేషన్' అనండి, మింగేసిన 'న' బయటికొస్తుంది. జోన్ ఆఫ్ ఆర్క్ కాలానికే ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషు సిపాయిల్ని, వాళ్ళ 'గాడ్ డ్యామ్' తిట్టు విని, 'గోడమ్'లు అనేవారు. అప్పటికి బాబరు పుట్టనే లేదు.

పాతపుస్తకాల శీను:
మాట లాటిన్‌దే అనుకోండి, వాక్యం మనది కాకూడదా? ఆ నిఘంటువు రాసిన ఇద్దరిలో బర్నెల్ తంజావూరులో జడ్జీ చేసినవాడు, సంస్కృత పండితుడు. ఆయన కంటే మీకెక్కువ తెలుసా?

రిటైర్డ్ మాస్టారు:
పండితుడైతే పొరపడడా? మన 'దమ్మిడీ' ఆ దామ్‌కి చుట్టమంటే ఒప్పుకుంటా. అంతవరకే.

గుంటూరు మిర్చి:
మీరు నాణేలు లెక్కపెట్టుకోండి. 'షిట్' కథ తెలుసా? ఓడల్లో పేడ తడిస్తే గ్యాస్ పుట్టి పేలిపోతుందని, పైన పెట్టమని మూటల మీద 'షిప్ హై ఇన్ ట్రాన్సిట్'లోని నాలుగు మొదటి అక్షరాలు రాసేవారట. వాట్సాప్‌లో వచ్చింది.

లండన్ కోడలు:
వాట్సాప్‌లోనే ఉంచెయ్యండి అన్నయ్యా. పాత ఇంగ్లీషులో 'షీటన్' అనే క్రియ ఉంది. 'లీఫ్' లైఫ్ అయినట్టే ఆ 'ఈ' కూడా 'ఐ' అయింది. మా పక్కింటి ఐరిష్ ముసలాయన ఇప్పటికీ 'షైట్' అనే అంటాడు. మొదట్లో నాకు యాస రాదేమో అనుకున్నా.

గుంటూరు మిర్చి:
ఓహో, లండన్‌లో ఉంటే అన్నీ తెలిసిపోతాయన్నమాట.

లండన్ కోడలు:
ఉండక్కర్లేదు, డిక్షనరీ తెరిస్తే చాలు.

సబ్‌టైటిల్ కూలీ:
అయ్యా, 'బ్లడీ'?

లండన్ కోడలు:
'బై అవర్ లేడీ' నుంచి వచ్చిందన్న కథ నమ్మకండి. 1914లో లండన్‌లో 'పిగ్మాలియన్' నాటకంలో హీరోయిన్ స్టేజీ మీద "నాట్ బ్లడీ లైక్లీ" అంటే పేపర్లలో గోలగోల. ఇప్పుడు ఇక్కడ వాన పడితే బ్లడీ, బస్సు రాకపోతే బ్లడీ. మా తాతయ్య అయితే మనవల్ని ముద్దుగా 'బ్లడీ ఫూల్' అనేవారు. పెద్ద తిట్టు రాయకండి.

సబ్‌టైటిల్ కూలీ:
క్లయింటు మెయిల్ వచ్చింది. బూతులన్నీ తీసేసి అన్నిచోట్లా 'వెధవ' అని పెట్టమంటున్నారు. కుటుంబ ప్రేక్షకులట.

లండన్ కోడలు:
'విధవ'లో 'వి' కాస్తా 'వె' అయితే వచ్చిన తిట్టది. భర్త పోయిన ఆడదాన్ని తిట్టు చేసి వాడటం మీకు కుటుంబ భాషా? మా అమ్మ ముందు ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోతుంది.

గుంటూరు మిర్చి:
ఇప్పుడు దాన్ని అలా ఎవరు చూస్తున్నారండీ. మా నాన్న రోజూ నన్ను అలాగే పిలుస్తాడు.

పాతపుస్తకాల శీను:
మాస్టారూ, ఆ రాగి దామ్ చూద్దురుగాని. రాత్రికి ఫొటో పెడతా.